వ్యవధి నమోదు కాలేదు

ఇవాళ సంతాప సభలో
ఒక్కొక్కరికీ మూడు నిమిషాలే అన్నారు.
గడియారం మళ్ళీ నా చేతికే ఇచ్చారు.
ఇరవై రెండేళ్ళు ఆగస్టాలో, శాసనసభ కమిటీ గదిలో
నా ఉద్యోగం అదే మరి:
పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం.
ఎర్రది వెలిగితే
ఎంత పెద్ద గొంతైనా సగం మాట మింగాల్సిందే.

ఎర్మీన్ దుబే,
మా ఏటి ఒడ్డు మిల్లు ఊళ్ళకు నాలుగుసార్లు ప్రతినిధి,
అందరికంటే ఎక్కువసార్లు ఆ ఎర్ర దీపం తిన్న మనిషి.
"ఇంకొక్క వాక్యం" అనేది.
ఆ వాక్యానికి తోక ఉండేది, తోకకు పిల్లలుండేవి.

బూట్ల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళు
కుట్టుమిషను మీద వంగిన వీపు.
లేచి నిలబడితే మైకు కన్నా పొట్టి.
చేతిసంచిలో బిల్లుల కాగితాలతో పాటు
ఎవరివో కళ్ళజోళ్ళు, చెవి మిషను బ్యాటరీలు,
ఓసారి, ఒట్టు, ఎవరో పెద్దాయన కట్టుడుపళ్ళు.
బాగుచేయించి ఇస్తానని మాటిచ్చిందట.

ఆ ఫిబ్రవరి మాత్రం మర్చిపోలేను.
కిటికీ అవతల కెన్నెబెక్ నది
నడిచి దాటొచ్చన్నంతగా గడ్డకట్టింది.
వృద్ధాశ్రమాలకు వారానికోసారి
ఒక పాటగాడో బొమ్మలు నేర్పేవాడో వెళ్ళాలి,
జీతం రాష్ట్రం ఇవ్వాలి. అంతే బిల్లు.
బల్లకు అటువైపు నుంచి ఒకాయన, మర్యాదగానే,
"దుబే గారూ, హీటర్లో నూనె లేక ముసలివాళ్ళు వణుకుతుంటే
ముందు నూనె పోయాలా, పాట పోయాలా?"
గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఒప్పుకుంటున్నాను.

ఆమె బదులివ్వలేదు.
తన మూడు నిమిషాలూ సాక్షికిచ్చి కూర్చుంది.

ఒనెజీమ్ కుటూర్, తొంభై ఒకటి,
ఒకప్పుడు అడవిలో కలప కొట్టినవాడు.
భార్య పోయాక పద్నాలుగు నెలలుగా
ఒక్క మాటా మాట్లాడలేదని నర్సు రాసిన చీటీ
ఆయన జేబుకే పిన్నుతో గుచ్చి ఉంది.
కోటులోంచి రెండు చెంచాలు తీశాడు.
మామూలువే, సూపు తాగేవి.
వీపుకు వీపు ఆనించి, వేళ్ళ సందున ఇరికించి
మోకాలి మీద కొట్టాడు.

పచ్చ.
ముందు తప్పటడుగుల్లా. తర్వాత,
వంటింట్లో కుర్చీలన్నీ గోడకు జరిపేసి
శనివారం రాత్రి ఇంటిల్లిపాదీ ఎగిరినట్టు.
పసుపు.
కాళ్ళూ కలిశాయి. మడమ, మునివేలు, మడమ.
మా తాత కూడా ఇలాగే
కుర్చీలోంచి లేవకుండా నాట్యం చేసేవాడు,
నలభై ఏళ్ళుగా నేను తలుచుకోని తాత.
నా వేలు మీట మీదే ఉంది.
నొక్కలేదు.

ఎంతసేపో తెలీదు. ఛైర్మన్ నావైపు చూశాడు.
నేను, ఏదో చెడిపోయినట్టు, తీగ వైపు చూశాను.
చెంచాలు ఆగాక ముసలాయన
గదంతా ఓసారి కలియజూసి, ఫ్రెంచిలో
"ఇంకోటి వాయించనా?" అన్నాడు.

బిల్లు ఆ ఏడు ఒక్క ఓటుతో ఓడింది.
మరుసటేడూ ఓడింది.
మూడో ఏడు గెలిచింది, అడిగిన డబ్బులో సగంతో.
అప్పటికి ఒనెజీమ్ లేడు.
అంతకు ముందేడాది నూనె బిల్లు తెచ్చిందీ తనేనని
ఎర్మీన్ ఆ పెద్దమనిషికి ఎన్నడూ చెప్పలేదు.

నేను చేసింది మాత్రం ఆమె చూసింది.
ఆ సాయంత్రం నా బల్ల మీద
కాగితంలో చుట్టిన మాంసం పై ముక్క, ఇంకా వెచ్చగా.
చీటీ లేదు.
ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇవాళ అందరూ బాగానే మాట్లాడుతున్నారు.
"కరుణామయి" అన్నారొకరు. ఆమె వినుంటే
ఆ మాట రికార్డులోంచి కొట్టేయమనేది.
పసుపు. ఎర్ర. పసుపు. ఎర్ర.
నిజాయితీగానే నొక్కుతున్నాను.

కింది అంతస్తు పాత ఫైళ్ళలో
ఆ రోజు పుట ఇంకా ఉంది, నా దస్తూరీతో:
సాక్షి రెండు చెంచాలు వాయించెను.
వ్యవధి నమోదు కాలేదు.

వెనక వరసలో, ఆశ్రమం వ్యానులో వచ్చినవాళ్ళ మధ్య
ఒకావిడ సంచిలో ఏదో గలగలమంది.
ఆవిడ పేరే పిలుస్తున్నారు.